రైఫిల్ రిఫరెన్స్ పుస్తకాల్ని ఎంతవరకు నమ్మొచ్చు? (లీ-ఎన్‌ఫీల్డ్, మౌజర్, గరాండ్ అన్నీ)

వేణు_డల్లాస్

అందరికీ నమస్తే. గ్రీన్ కార్డు వచ్చాక పట్టుకున్న పిచ్చి ఇది, లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లు. మొన్నామధ్య గన్ షోలో ఒక ఎస్ఎంఎల్ఈ (షార్ట్ మ్యాగజైన్ లీ-ఎన్‌ఫీల్డ్) మార్క్ 3 స్టార్ తీసుకున్నా, బట్ సాకెట్ (వెనక చెక్క బిగించే చోటు) కుడివైపున కిరీటం, కింద జీఆర్ (జార్జ్ రాజు ముద్ర), బీఎస్ఏ కంపెనీ, 1917 అని శుభ్రంగా కనపడుతుంది. అమ్మినాయన "నంబర్లన్నీ మ్యాచింగ్, ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది" అని ఒట్టేసినంత పని చేశాడు. ఇంటికొచ్చి పుస్తకం తీసి పక్కన పెట్టుకుని చూస్తే, నా దాంట్లో ముందు చెక్కకి, అంటే మ్యాగజైన్‌కి కాస్త ముందు, అడ్డంగా ఒక స్క్రూ ఉంది. పుస్తకంలో 1917 బీఎస్ఏ ఫొటోలో అది లేదు. ఇంకో పుస్తకం ఉంది నా దగ్గర, ప్రపంచంలోని మిలిటరీ రైఫిళ్లన్నీ ఒకే అట్టలో కూరేసిన టైపు, దాంట్లో ఆ స్క్రూ ఊసే లేదు. ఆన్‌లైన్‌లో అడిగితే ఒకరు ఇండియన్ అన్నారు, ఇంకొకరు ఎవడో గ్యారేజీలో కెలికాడు అన్నారు. నాకు ఈ రైఫిల్ సంగతి కంటే ముందు తెలియాల్సింది ఏంటంటే అసలు ఏ పుస్తకాన్ని నమ్మాలి? కొనాలంటే ఒక్కోటి మామూలు రేటు కాదు, అచ్చులో లేనివైతే ఇంక చెప్పక్కర్లేదు.

మెల్బోర్న్_శ్రీను

వేణు గారూ, ముందు మీ స్క్రూ సంగతి తేల్చేద్దామండీ. దాన్ని కలెక్టర్లు ఇషాపూర్ స్క్రూ అంటారు. బెంగాల్లో ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో చెక్క చీలిపోకుండా అడ్డంగా వేసిన బిగింపు అది. అంటే మీ రైఫిల్ 1917లో బర్మింగ్‌హామ్‌లో పుట్టి, తర్వాత ఎప్పుడో ఇండియాలో బాగుపడి, అక్కణ్ణుంచి అమెరికా చేరిందన్నమాట. గ్యారేజీ పని కాదు, నిశ్చింతగా ఉండండి.

ఇప్పుడు పుస్తకం సంగతి. మీ పుస్తకం తప్పు చెప్పలేదండీ, మీరడిగిన ప్రశ్నకి అది జవాబు కాదు, అంతే. అందులో ఫొటో 1917లో ఫ్యాక్టరీ గేటు దాటిన రైఫిల్ ఎలా ఉందో చెప్తుంది. మీ చేతిలో ఉన్నది ఆ తర్వాత వందేళ్లు బతికిన రైఫిల్. చాలామంది రచయితలు ఈ రెండిటికీ తేడా చెప్పకుండానే రాసుకుంటూ పోతారు. నేనైతే కొత్త పుస్తకం చేతికి రాగానే అన్నిటికన్నా ముందు చూసేది ఇదే: "రిపేరు, రీబిల్డ్" అనే మాటలకి ఆ పుస్తకంలో ఎన్ని పేజీలు ఇచ్చాడు? నంబర్ 4 రైఫిళ్ల (లీ-ఎన్‌ఫీల్డ్‌లో తర్వాతి మోడల్) ఎడమ పక్కన ఎఫ్‌టీఆర్ అని, పక్కన ఏడాది, ఫజాకర్లీ ఫ్యాక్టరీ అయితే బ్రాకెట్లో ఎఫ్ అని గీకి ఉంటుంది కదా, ఫ్యాక్టరీ థరో రిపేర్ అని. అలాంటి రైఫిల్‌ని పట్టుకుని 1943లో ఈ పార్టు ఇలా ఉండేది అని రాసే పుస్తకాన్ని ఏం నమ్ముతామండీ.

పాతబస్తీ_నవాబు

నేను ఒకటి అడుగుత, ఎవ్వరు ఫీల్ కావొద్దు. ఈ పుస్తకాలు రాసేటోళ్లు ఎవరు? మనలెక్కనే కలెక్టర్లు. యూనివర్సిటీ ప్రొఫెసర్లు కాదు, రాసింది ఇంకొకరు చెక్ చేసేది కూడా లేదు, సగం మంది సొంతంగ అచ్చు వేసుకున్నోళ్లే. ఒకడు ఏదో రాస్తడు, తర్వాతోడు దాన్ని చూసి రాస్తడు, పదేండ్లకి అది వేదం అయితది. ఎగ్జాంపుల్ చెప్త. బ్రిటిష్ ఆర్మీల సార్జెంట్ స్నాక్సాల్ అని, 1914ల ఒక నిమిషంల 300 గజాల దూరంల 12 అంగుళాల టార్గెట్ మీద 38 గుండ్లు కొట్టిండు అని అందరు రాస్తరు. నేను చూసిన ఒక్క పుస్తకంల కూడా కింద ఆధారం లేదు. అందరిది ఒకటే వాక్యం, మాటలు అటు ఇటు చేసి. కొట్టిండో లేదో నాకు తెల్వదు, కానీ 10 పుస్తకాలల్ల ఉన్నది కాబట్టి నిజం అంటే మాత్రం నవ్వొస్తది. 10 పుస్తకాలు 10 సాక్ష్యాలు కాదు భాయ్, ఒక్క సాక్ష్యం 10 సార్లు అచ్చయింది.

రిటైర్డ్_ఆర్మరర్

నాయనా వేణు, నేను పోలీసు ఆర్మ్డ్ రిజర్వ్‌లో ఆర్మరర్‌గా చేసి రిటైరైనోణ్ణి. పుస్తకాలు నేను ఎక్కువ చదవలా, తుపాకులు మాత్రం బాగా చూసినా. బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో (ఆయుధాల గది) .303లు, అంటే లీ-ఎన్‌ఫీల్డ్‌లు, వరసగా రాకులో నిలబెట్టి ఉంటాయి, రోజూ పుల్‌త్రూకి చిందీ కట్టి గొట్టం తుడిపించేది, ఏడాదికొకసారి ఇన్‌స్పెక్షన్. బోల్ట్ (తూటాని లోపలికి తోసి మూసే కడ్డీ) అరిగింది, హెడ్‌స్పేస్ (బోల్ట్‌కీ తూటాకీ మధ్య ఉండాల్సిన ఖాళీ) తప్పింది అనుకో, ఏం చేస్తాం? డబ్బాలో ఉన్న బోల్టుల్లో ఏది గేజికి సరిపోతే అది వేస్తాం. పాత నంబరు రుద్దేసి ఈ రైఫిల్ నంబరు కొడతాం. అంతే, నంబర్లు మ్యాచింగ్. దాన్నే మీరు అమెరికాలో ఒరిజినల్ అని డబ్బులు పోసి కొంటారని మొన్న మా అల్లుడు చెప్తే నవ్వుకున్నా.

నంబర్ 4 రైఫిల్‌కి బోల్ట్ హెడ్లు 0, 1, 2, 3 అని సైజులుంటాయి, నంబరు దాని మీదే కొట్టి ఉంటాది. మన పాత నంబర్ 1 రైఫిల్‌కి, అంటే ఎస్ఎంఎల్ఈకి, ఆ సౌకర్యం ల్యా, చూసి సరిపెట్టుకోవాల్సిందే. ఇదంతా తెలిసినోడు రాసిన పుస్తకం ఒక రకంగా ఉంటాది, గాజు అద్దం వెనకాల తుపాకి చూసి రాసిన పుస్తకం ఒక రకంగా ఉంటాది. రెండు పేజీలు తిప్పితే తెలిసిపోతాది. విప్పినోడు ఏ స్క్రూ ముందు తియ్యాలో చెప్తాడు. ఎస్ఎంఎల్ఈ బట్ ఊడదీసే ముందు ముందు చెక్క తీసెయ్యాల, లేకుంటే బట్ బోల్ట్ కొన తిరిగి చెక్కని చీల్చేస్తాది. ఆ మాట రాయకుండా బట్ ఎట్లా తియ్యాలో చెప్పే పుస్తకం నీ దగ్గరుంటే, దాంట్లో మిగతాది కూడా జాగ్రత్తగా చదువు.

వేణు_డల్లాస్

సర్ థాంక్స్, మీ పోస్ట్ చదివాక నా బోల్ట్ హ్యాండిల్ వెనక నంబరు భూతద్దం పెట్టి చూశా. అంకెల చుట్టూ లోహం మిగతా చోటు కంటే కొంచెం పల్లంగా ఉంది, రుద్దిన గుర్తే అనుకుంటున్నా. అంకెల సైజు కూడా రిసీవర్ (బోల్ట్ కూర్చునే లోహపు భాగం) మీద నంబరుతో కలవట్లేదు, 4 అంకె ఒకచోట పైన మూసుకుని ఇంకోచోట తెరుచుకుని ఉంది.

రిటైర్డ్_ఆర్మరర్

రెండు వేరే పంచ్ సెట్లు. నా అనుమానం తీరిపోయింది.

కాగితాల_పద్మ

నేను లండన్‌లో ఉంటాను, రీసెర్చ్ పని మీద బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డులు, క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్ తిరుగుతూ ఉంటాను, తుపాకులు నా సబ్జెక్ట్ కాదు గానీ వీటి కాగితాలు తరచూ తగులుతాయి. నవాబు గారు చెప్పింది నిజమే, కానీ దానికి మందు "అసలు కాగితాలు చూడండి" అని చాలామంది తేలిగ్గా అనేస్తారు, అక్కడే నాకు అభ్యంతరం. కాగితాలు కూడా చదవడం తెలియాలి.

బ్రిటిష్ వాళ్లకి లిస్ట్ ఆఫ్ ఛేంజెస్ అని ఒక అధికారిక ప్రచురణ ఉండేది, ఆయుధంలో ఏ మార్పు ఎప్పుడు ఆమోదించారో అందులో పేరా పేరాగా ఉంటుంది. మార్క్ 3 ఆమోదం 1907 జనవరి, మార్క్ 3 స్టార్ 1916 జనవరి అని మనం చెప్పే తేదీలన్నీ అలాంటి కాగితాల్లోవే. మంచి రచయితలందరూ దాని మీదే ఆధారపడతారు. కానీ ఆ తేదీ ఏంటి? ఆఫీసులో సంతకం పడిన తేదీ. ఫ్యాక్టరీలో ఆ రోజు పొద్దున్నే మిషన్లు ఆపేసి పాత పార్టులు చెత్తలో పారెయ్యరు కదా, అదీ యుద్ధం మధ్యలో. ఒక్కోసారి ఫ్యాక్టరీ ముందే మార్చేసుకుంటుంది, కాగితం తర్వాత వస్తుంది. ఒక్కోసారి ఉన్న స్టాకు అయిపోయేదాకా పాతవే బిగిస్తారు. కాబట్టి "ఫలానా తేదీ తర్వాత తయారైన వాటికి మ్యాగజైన్ కటాఫ్ (మ్యాగజైన్‌ని మూసే రేకు) ఉండదు" అని ఒక పుస్తకం రాస్తే, ఆ రచయిత కాగితం చూశాడు గానీ రైఫిళ్లు చూడలేదు. "ఆమోదం ఫలానా తేదీ, నేను చూసిన రైఫిళ్లలో మాత్రం ఫలానా నెలల్లో రెండు రకాలూ ఉన్నాయి" అని రాస్తే రెండూ చూశాడు. ఆ రెండో రకం వాక్యం ఎన్నిసార్లు కనపడుతుందో అదే నేను లెక్కేసుకునేది.

ఇంకొకటి, ఇండియాలో చేసుకున్న మార్పులన్నీ లండన్ లిస్టులో దొరకవు. వేణు గారి స్క్రూ లాంటి వాటి గురించి ఇంగ్లండ్ కాగితాల మీద మాత్రమే ఆధారపడిన పుస్తకం మాట్లాడలేకపోవడం సహజం.

ఎన్‌జే_సుధాకర్

పద్మ గారి పాయింట్‌కి అమెరికన్ ఉదాహరణ ఇస్తా. స్ప్రింగ్‌ఫీల్డ్ 1903 రైఫిళ్లలో పాతవాటి రిసీవర్లు పేలతాయి, కాల్చకూడదు అంటారు. జనరల్ హ్యాచర్ 1947లో తన నోట్‌బుక్ పుస్తకంలో ఇదంతా రాశాడు. ఆయన అమెరికన్ సైన్యం ఆర్డ్‌నెన్స్‌లో (ఆయుధాల విభాగం) పనిచేసిన మనిషి, లోపల ఉండి చూసినవాడు, కాబట్టి ఇది గట్టి సోర్సే. ఉక్కు ఎంత వేడెక్కిందో పనివాళ్లు కంటితో రంగు చూసి అంచనా వేసేవాళ్లు, బాగా ఎండ ఉన్న రోజున అదే వేడి తక్కువగా కనపడి ఇంకా కాల్చేసేవాళ్లు, ఉక్కు పెళుసైపోయేది. ఇక్కడిదాకా బావుంది. ఇప్పుడు అందరికీ కంఠతా వచ్చిన అంకెలు చూడండి. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీవి 800,000 సీరియల్ నంబరు కింద ఉంటే ప్రమాదం, రాక్ ఐలాండ్‌వి 285,507 కింద ఉంటే ప్రమాదం.

ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి ఒక నిమిషం చూడండి. ఒకటి గుండు సున్నాలతో ఉంది, ఇంకోటి 507 దాకా తేలింది. రెండోది ఎక్కడో ఎవరో రికార్డు చూసి రాసింది. మొదటిది అంచనా, మార్పు ఎక్కడ జరిగిందో సరిగ్గా తెలీక క్షేమం కోసం పైకి జరిపిన గీత. కానీ తర్వాత వచ్చిన పుస్తకాలు రెండిట్నీ ఒకే గొంతుతో చెప్తాయి. గన్ షోల్లో 801 వేల రైఫిల్‌కి ఒక రేటు, 799 వేల రైఫిల్‌కి ఇంకో రేటు. హ్యాచర్ తప్పు కాదిది, ఆయన్ని సగం చదివినవాళ్లది.

గరాండ్‌కి (అమెరికన్ సైన్యం రైఫిల్) కూడా ఇదే గోల. నెలనెలా చివరి సీరియల్ నంబరు ఇంత అని టేబుల్ ఉంటుంది, దాన్ని చూసి నా రైఫిల్ 1943 మే నెలలో పుట్టింది అని జాతకం చెప్పేస్తారు. రిసీవర్లు నంబరు వరసలో అసెంబ్లీకి వెళ్లవు, ముందు నంబరు వేసింది డబ్బా అడుగున పడి తర్వాత బయటకి రావచ్చు. ఆపరేటింగ్ రాడ్ వెనక్కి లాగితే బ్యారెల్ మీద నెల, ఏడాది కనపడతాయి, కొన్నిసార్లు అదే మంచి ఆధారం, అది మార్చకపోతే. యుద్ధం తర్వాత ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వాళ్ల నంబర్లయితే ముక్కలు ముక్కలుగా ఉంటాయి, కొన్నిటికి రిసీవర్లు స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి వచ్చాయి, అక్కడ టేబుల్ పట్టుకుని కూర్చుంటే పిచ్చెక్కుతుంది.

పాతబస్తీ_నవాబు

అన్నా నువ్వు చెప్పేది నా పాయింటే కదా. పుస్తకం కొనుడు ఎందుకు, తుపాకి చూసి నేర్చుకో.

ఎన్‌జే_సుధాకర్

కాదు నవాబు, నీది నాది ఒకటి కాదు. తుపాకి చూసి నేర్చుకో అంటే ఏ తుపాకి చూడాలి? జర్మన్ మౌజర్ కే98కే తీసుకో. మార్కెట్లో ఉన్నవాటిలో ఏది అసలు ఏది దొంగ అని చెప్పాలంటే ముందు అసలుది ఎలా ఉంటుందో తెలియాలి, అది చెప్పేది పుస్తకమే. బీవైఎఫ్ అని కోడ్ ఉంటే ఓబర్న్‌డార్ఫ్ మౌజర్ ఫ్యాక్టరీ, దాని మీద ఇన్‌స్పెక్షన్ గద్ద ముద్ర కింద ఎక్కువగా 135 ఉంటుంది అని నీకెలా తెలిసింది? ఎవరో వేల రైఫిళ్లు చూసి, జర్మన్ల యుద్ధకాలపు కోడ్ లిస్టుతో సరిచూసి రాస్తేనే కదా.

కాకపోతే అదే పుస్తకం దొంగ సరుకు చేసేవాడి టేబుల్ మీద కూడా తెరిచి ఉంటుంది. స్నైపర్ వెర్షన్లలో ఇది ఘోరం. ఫొటో ఎంత దగ్గర్నుంచి తీస్తే వాడికి పంచ్ చేయించుకోవడం అంత తేలిక. అక్కడితో ఆగదు. పుస్తకంలో ఫలానా నెల రైఫిల్‌కి ఫలానా బ్యాండ్ (చెక్కని బ్యారెల్‌కి బిగించే పట్టీ) ఉండాలని రాసుంటే, కలెక్టర్ తన దాంట్లో ఉన్న బ్యాండ్ తీసి పుస్తకంలో ఉన్నది వెతికి బిగిస్తాడు, దానికి "కరెక్ట్ చెయ్యడం" అని పేరు. పదేళ్ల తర్వాత ఇంకో రచయిత వచ్చి ఆ రైఫిల్‌కి ఫొటో తీసి, చూశారా మొదటి పుస్తకం నిజమే అంటాడు. ఈ చక్రంలోంచి బయట పడాలంటే ఆ రైఫిల్ ఎక్కణ్ణుంచి వచ్చిందో రచయిత చెప్పాలి. యుద్ధం నుంచి తెచ్చుకున్న సోల్జర్ ఇంట్లోంచి కాగితంతో సహా వచ్చిందా, లేక వేలంలో నాలుగు చేతులు మారిందా. ఇది చెప్పని ఫొటోకి నేను పెద్ద విలువ ఇవ్వను, ఎంత గ్లాసీ పేపర్ అయినా సరే.

మెల్బోర్న్_శ్రీను

సుధాకర్ గారు భలే చెప్పారండీ. దానికి తోడు, కృతజ్ఞతల పేజీ చదవండి, ఎవరూ చదవరు అది. ఎవరెవరు రైఫిళ్లు చూపించారో అందులో ఉంటుంది. మ్యూజియంలు, పాత ఆర్మరర్లు, నాలుగైదు దేశాల కలెక్టర్లు ఉన్నారా, లేక అందరూ ఒకే ఊళ్లో డీలర్లేనా? రచయితే డీలర్ అయితే పెళ్లిళ్ల పేరయ్య జాతకం చెప్పినట్టే, అబద్ధం కాకపోవచ్చు, కానీ ఏ మోడల్‌ని "చాలా అరుదు" అంటున్నాడో కొంచెం గమనించాలి. అదే మోడల్ ఆయన షాపులో నాలుగుంటే మరీను.

ఎడిషన్ల సంగతి కూడా. ఆస్ట్రేలియన్ రచయిత స్కెనర్టన్ లీ-ఎన్‌ఫీల్డ్ మీద 1993లో పెద్ద పుస్తకం తెచ్చారు, మళ్లీ 2007లో ఇంకా పెద్దది. లిస్ట్ ఆఫ్ ఛేంజెస్ సంపుటాలు కలెక్టర్లకి అందేలా అచ్చు వేయించిందీ ఆయనే. ఇలా ఒకే మనిషి ఏళ్ల తరబడి తన పుస్తకాన్నే తిరగరాయడం నాకు మంచి గుర్తుగా కనపడుతుందండీ. పాత ఎడిషన్, కొత్త ఎడిషన్ పక్కపక్కన పెట్టి ఏం మారిందో చూస్తే, ఏ విషయాల్లో ఇంకా కొత్త సమాచారం వస్తోందో కూడా తెలుస్తుంది. కొందరివి నాలుగో ముద్రణ అని అట్ట మీద ఉంటుంది గానీ లోపల ఒక్క అక్షరం మారదు, మొదటి ముద్రణలో ఫొటో కింద రాసిన తప్పు నాలుగోదాంట్లోనూ అక్కడే కూర్చుని ఉంటుంది. రేనాల్డ్స్ 1960 పుస్తకం పాతదే, కానీ ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లు ఇంకా సర్వీసులో ఉండగా రాసినది కాబట్టి దాని విలువ దానిదే. ఇషాపూర్ గురించి మాత్రం దాన్ని అడక్కండి.

సీమ_ఎన్‌సీసీ

అన్నా నాదొక డౌటు. మేము కాలేజీలో ఎన్‌సీసీలో డ్రిల్లుకి .303 మోసినోళ్లమే, బరువుకి భుజం వాచిపోయేది. ఇషాపూర్ 2ఏ1 ఉంటాది కదా 7.62 రైఫిలు, అది పాత .303 రైఫిళ్లకే గొట్టం మార్చి చేసినారని ఒక వెబ్‌సైట్లో చదివినా. నిజమా? ఇంకొకాయన వీడియోలో కూడా అదే చెప్పినాడు.

మెల్బోర్న్_శ్రీను

కాదు తమ్ముడూ, అది తిరుగుతూనే ఉంటుంది ఆ మాట. 2ఏ, 2ఏ1 రెండూ 1960ల నుంచి కొత్తగా తయారైన రైఫిళ్లే, 7.62 తూటా ఒత్తిడి కోసం మెరుగైన ఉక్కుతో. చూడ్డానికి ఎస్ఎంఎల్ఈ లాగే ఉంటుంది కాబట్టి బయటోళ్లు కన్వర్షన్ అనుకున్నారు. ఇక్కడ పుస్తకం కూడా అక్కర్లేదు, రైఫిలే చెప్తుంది: సాకెట్ మీద ఆర్ఎఫ్ఐ (రైఫిల్ ఫ్యాక్టరీ ఇషాపూర్) అని, రైఫిల్ 7.62 ఎంఎం 2ఏ1 అని, ఏడాది, అశోక సింహాలు. మ్యాగజైన్ చూడు, అడుగు చదరంగా ఉంటుంది, .303ది ఏటవాలుగా ఉంటుంది. వెనక సైట్ మీద 2ఏకి 2000 గజాల దాకా గీతలుంటాయి, 2ఏ1కి 800 మీటర్లకి తగ్గించారు. ఏదైనా పుస్తకం చేతికొస్తే ముందు ఈ 2ఏ1 పేరా తిప్పి చూస్తాను నేను. కన్వర్షన్ అని రాసుంటే ఆ రచయిత ఇండియా వైపు తొంగి చూడలేదని అర్థం. అయితే ఆ ఒక్క కారణానికే లండన్, బర్మింగ్‌హామ్ గురించి రాసింది కూడా చెత్త అనుకోకూడదండోయ్. ఒకే పుస్తకంలో ఒక చాప్టర్ బంగారం, ఇంకో చాప్టర్ ఇత్తడి ఉండొచ్చు.

రిటైర్డ్_ఆర్మరర్

కన్వర్షన్ అంటే గుర్తొచ్చింది, .410 మస్కెట్ గురించి ఎవరూ ఎత్తలా. పోలీసులకీ, గార్డులకీ అని .303 గొట్టం లోపలి గాడులు తీసేసి నున్నగా చేసి, మ్యాగజైన్‌లో చెక్క దిమ్మె పెట్టి ఒక్క తూటా తుపాకిగా మార్చినారు ఇషాపూర్లో. దాని తూటా .303 గుల్లనే మెడ నొక్కకుండా నిలువుగా ఉంచి చేసింది. బజార్లో దొరికే .410 షాట్‌గన్ తూటా కాదు అది. అమెరికా పోయినవాటిలో చానా వాటికి ఛాంబర్ మార్చి బజారు తూటా పట్టేట్టు చేసినారంట, కొన్నిటికి మార్చలా. ఇప్పుడు ఏదో గైడ్‌బుక్కులో ".410 కాలుస్తుంది" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే చదివినోడు ఏం చేస్తాడు? స్క్రూ ఏ ఏడాదిది అనేది తప్పు రాస్తే డబ్బు పోతాది. ఇట్లాంటిది తప్పు రాస్తే చెయ్యి పోతాది. కాల్చే ముందు గేజి పెట్టి చూపించుకో, పుస్తకం ఎవరు రాసినా సరే.

మోడరేటర్

రెండు మాటలు. ఇండియాలో ఉన్నవాళ్లకి: .303, 7.62 నిషేధిత బోర్లు, మామూలు లైసెన్సు మీద ఉండవు, కాబట్టి ఈ థ్రెడ్‌లో ఇండియా నుంచి "ఎక్కడ దొరుకుతుంది" టైపు పోస్టులు తీసేస్తాం, ఇప్పటికి రెండు తీసేశాం. రెండోది, పుస్తకాల స్కాన్ పీడీఎఫ్ లింకులు పెట్టొద్దు, వాటి రచయితలు చాలామంది బతికే ఉన్నారు.

వేణు_డల్లాస్

మోడరేటర్ గారూ లింకు పెట్టింది నేను కాదు కానీ నిజం చెప్పాలంటే పీడీఎఫ్ తప్ప దారి లేని పుస్తకాలు ఉన్నాయి, అచ్చులో లేవు, లైబ్రరీలో లేవు, దొరికితే రేటు చూసి కళ్లు తిరుగుతున్నాయి. శ్రీను గారు చెప్పినట్టు కృతజ్ఞతల పేజీ, ఎడిషన్లు చూడాలంటే ముందు పుస్తకం చేతిలో ఉండాలి కదా. కొనకముందే ఎలా తెలుసుకోవాలి?

కాగితాల_పద్మ

కొనకముందు అంటే సమీక్షలు చదవడమే, కానీ "అద్భుతం, ప్రతి కలెక్టర్ దగ్గరా ఉండాల్సింది" టైపు కాదు. ఫలానా పేజీలో ఫలానా ముద్ర తప్పు అని రాసినవాడి సమీక్ష వెతకండి, తప్పులు ఎత్తి చూపిన సమీక్ష ఉన్న పుస్తకం మీద నాకు గురి ఎక్కువ, ఎవరో దాన్ని శ్రద్ధగా చదివారని కదా. అంతర్ గ్రంథాలయ రుణం మీద తెప్పించమని మీ కౌంటీ లైబ్రరీని అడగండి, అమెరికాలో అది బాగా పనిచేస్తుంది.

స్కాన్ల గురించి నా బాధ కాపీరైట్ కంటే వేరేది. నంబర్ల టేబుల్స్‌ని కంప్యూటర్ చదివినప్పుడు 3ని 8 అంటుంది, 1ని 7 అంటుంది, ఆ తప్పు అంకె వెబ్‌సైట్లోకి ఎక్కుతుంది, దాన్ని చూసి మళ్లీ ఇంకెవరో పుస్తకం రాస్తారు. ముద్రల ఫొటోలైతే స్కాన్‌లో నల్లటి మచ్చలే. కిరీటం ఆకారం చూసి ఏ రాజు కాలమో చెప్పాల్సిన చోట మచ్చ చూసి ఏం చెప్తాం?

పాతబస్తీ_నవాబు

రాజు అంటే యాదికొచ్చింది. ఆఫ్ఘనిస్తాన్ నుంచి అమెరికన్ సోల్జర్లు తెచ్చుకున్న తుపాకులు మస్తు తిరుగుతయ్ ఆన్‌లైన్ల, ఖైబర్ దిక్కు చేత్తోని చేసినవి. వీఆర్ అని కిరీటం కింద ఉంటది, పక్కన 1910 దాటిన ఏడాది ఉంటది. విక్టోరియా రాణి 1901 జనవరిల పోయింది! కొన్నిటి మీద ఇంగ్లిష్ ఎన్ అక్షరం ఉల్టా ఉంటది. దీనికి ఏ పుస్తకం కావాలె? కామన్ సెన్స్ చాలు.

కాగితాల_పద్మ

విక్టోరియా ఎప్పుడు పోయిందో మీకు ఎక్కడ తెలిసింది నవాబు గారూ, పుస్తకంలోనే కదా :)

పాతబస్తీ_నవాబు

😂 ఒప్పుకున్న మేడం. కానీ మాట వెనక్కి తీసుకుంట లేను. అసలు ఏ కాగితాలు లేని తుపాకుల సంగతి ఏంది? జపాన్ అరిసాకా రైఫిళ్ల రికార్డులు యుద్ధం అయిపోయినంక కాలబెట్టిన్రు అంటరు. మరి ఆ పుస్తకాలు ఏం చూసి రాసిన్రు?

ఎన్‌జే_సుధాకర్

మంచి ప్రశ్న. అక్కడ మిగిలింది రైఫిళ్లే. కలెక్టర్లు తమ దగ్గరున్నవాటి సీరియల్ నంబరు, ముందున్న కానా (జపాన్ లిపి) అక్షరం, ఫ్యాక్టరీ గుర్తు, పార్టుల వివరాలు రాసి పంపితే, వేరే వాళ్లు వాటిని వరసలో పెట్టి ఏ సిరీస్‌లో ఏ మార్పు వచ్చిందో తేల్చారు. దశాబ్దాల పని అది. అలాంటి పుస్తకాన్ని కాగితం లేదని తీసిపారెయ్యకూడదు, కాకపోతే అడగాల్సిన ప్రశ్న మారుతుంది: ఎన్ని రైఫిళ్లు చూసి చెప్తున్నాడు? "ఈ సిరీస్‌లో డస్ట్ కవర్ లేదు" అనే మాట రెండు రైఫిళ్లు చూసి చెప్పిందా, 200 చూసి చెప్పిందా? మంచి పుస్తకం చూసినవాటిలో అతి తక్కువ నంబరు, అతి ఎక్కువ నంబరు ఇస్తుంది, మధ్యలో ఖాళీని ఖాళీగానే వదిలేస్తుంది. ఖాళీలన్నీ నింపేసి గీతలు గీసిన టేబుల్ చూస్తే నాకు భయం. పైగా మన దగ్గరికి చేరినవి అమెరికన్ సోల్జర్లు తెచ్చుకున్నవి ఎక్కువ. చైనాలో, ఇండోనేషియాలో మిగిలిపోయినవి వేరే కథ చెప్పొచ్చు.

మెల్బోర్న్_శ్రీను

దానికి నేపాల్ మంచి ఉదాహరణండీ. 2003లో ఖాట్మండు పాత ఆయుధాగారంలోంచి మార్టినీ-హెన్రీలు, గహేంద్ర రైఫిళ్లు ఒక్కసారిగా పశ్చిమ మార్కెట్లోకి వచ్చాయి. అంతకు ముందు అచ్చయిన పుస్తకంలో గహేంద్ర గురించి పేరా కూడా దొరకడం కష్టం, అది రచయిత తప్పు కాదు, సరుకు గోదాములో ఉంది. కాబట్టి ఏ పుస్తకమైనా అచ్చయిన ఏడాది చూసి, ఆ తర్వాత ఏ గోదాము తలుపులు తెరుచుకున్నాయో కలిపి చదవాలి. రష్యా, ఉక్రెయిన్ గోదాముల్లోంచి సోవియట్లు పట్టుకున్న కే98కేలు వచ్చినప్పుడూ ఇంతే. అవి రష్యన్లు విప్పి కలగాపులగం చేసి, నంబర్లు కరెంట్ పెన్సిల్‌తో గీకి, నల్లరంగు వేసి మళ్లీ బిగించినవి. కొందరు వాటి మీద రష్యన్లు కొట్టిన ఎక్స్ గుర్తు రుద్దేసి తాత యుద్ధం నుంచి తెచ్చాడని అమ్మారు.

సీమ_ఎన్‌సీసీ

అంటే ఇషాపూర్ స్క్రూ ఎప్పుట్నుంచి వేసినారో కూడా ఇట్లనే లెక్క తియ్యొచ్చు కదన్నా? మనోళ్ల రైఫిలు గురించి మనమే తెలుగులో రాసుకోకపోతే ఎట్లా.

మెల్బోర్న్_శ్రీను

తియ్యొచ్చు, తియ్యాలి కూడా. అమెరికా, ఆస్ట్రేలియా, కెనడాలో మనవాళ్లు ఎవరి దగ్గర ఇషాపూర్ పని పడిన ఎస్ఎంఎల్ఈ ఉన్నా ఇలా పెట్టండి: సాకెట్ మీద ఫ్యాక్టరీ పేరు, ఏడాది, జీఆర్ఐయా (రాజు ముద్ర) ఆర్ఎఫ్ఐయా, సీరియల్ నంబరులో చివరి రెండు అంకెలు కొట్టేసి మిగతాది, స్క్రూ ఉందా లేదా, ముందు చెక్క మీద నంబరు రిసీవర్‌తో కలుస్తుందా. చివరిది ముఖ్యమండీ, చెక్క తర్వాత మార్చి ఉంటే స్క్రూ రైఫిల్‌ది కాదు చెక్కది, దాన్ని వేరే వరసలో పెట్టాలి. స్క్రూ లేనివి కూడా రాయండి, లేనివి చెప్పకపోతే లెక్కకి అర్థం లేదు. ఫొటో పక్కనుంచి లైటు పడేలా తియ్యండి, ఫ్లాష్ వద్దు, ముద్ర మాయమైపోతుంది.

వేణు_డల్లాస్

బీఎస్ఏ 1917, జీఆర్, ఇంగ్లండ్ పుట్టుక. స్క్రూ ఉంది. చెక్క మీద నంబరు ఉంది, కానీ ముందున్న పాత నంబరుని గీత కొట్టి పక్కన కొత్తది కొట్టారు. మార్చిన చెక్క వరసలో వేసుకోండి.

ఎన్‌జే_సుధాకర్

ఇషాపూర్ 1942, జీఆర్ఐ, మార్క్ 3 స్టార్. స్క్రూ ఉంది. చెక్క నంబరు, ముక్కు క్యాప్ నంబరు రిసీవర్‌తో కలుస్తున్నాయి, పంచ్ కూడా ఒకటేలా ఉంది. అయినా ఫ్యాక్టరీలో వేసిందని నేను అనట్లేదు, ఆర్మరర్ గారు ఒకసారి ఫొటో చూసి చెప్పాలి. సీరియల్ శనివారం పెడతా, సేఫ్ తాళం ఆవిడ దగ్గరుంది, ఆవిడ అట్లాంటాలో ఉంది.

రిటైర్డ్_ఆర్మరర్

ముక్కు క్యాప్ స్క్రూ కూడా దగ్గరగా తియ్యి నాయనా. దాని గాడి నలిగి ఉంటే ఎవరో విప్పినట్టే లెక్క.